లండన్‌లో నాలుగు రాత్రులకు గది: బీ అండ్ బీ తీసుకోవాలా, వద్దా?

డెబ్బై రెండు మెట్లు. మా ఆవిడ లెక్కపెట్టింది. పాడింగ్టన్ స్టేషన్ దగ్గర ససెక్స్ గార్డెన్స్ వీధిలో ఓ చిన్న బీ అండ్ బీ (బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, అంటే టిఫినుతో కలిపి గది ఇచ్చే చోటు), అన్నిటికంటే పై అంతస్తులో గది. మావాడి కాన్వొకేషన్‌కని వెళ్లాం, చెరో రెండు పెట్టెలు. వాటిలో సగం బరువు వాడి కోసం మోసుకెళ్లిన కారప్పొడులు, ఊరగాయలు, జంతికలే. లిఫ్టు లేదు. ఉందా అని మేం అడగలేదు, లేదని వాళ్లూ చెప్పలేదు. మూడో మలుపులో పెట్టె మీద కూలబడి, "ఏమండీ, ఈ మెట్లేవో తిరుమలలో ఎక్కుంటే పుణ్యమన్నా దక్కేది" అంది.

ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్లాం. ఒకసారి పేరున్న చెయిన్ హోటల్లో, ఇంకోసారి వారానికి అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో దిగాం. మళ్లీ వెళ్లాల్సి వస్తే ఎక్కడుంటారని అడిగితే, కింది అంతస్తులో గది ఇస్తానంటే బీ అండ్ బీకే వెళ్తానంటాను. కాబట్టి నేను ఎటూ మొగ్గకుండా రాస్తున్నానని అనుకోకండి. అయితే నాకు కుదిరింది అందరికీ కుదరదు. ఎవరికి ఎందుకు కుదరదో కూడా చెబుతాను.

ముందు ఆ ఇళ్ల సంగతి. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటే రాత్రికి మంచం, పొద్దున్నే టిఫిను, అంతే. పల్లెల్లో అయితే ఎవరో ఒకరి ఇంట్లోనే గది ఇస్తారు. లండన్ నడిబొడ్డున మాత్రం ఇవి పాత ఇళ్లను పది పదిహేను గదులుగా విడగొట్టి నడిపే చిన్న లాడ్జీల్లాంటివి. బోర్డు మీద 'హోటల్' అనో 'హౌస్' అనో ఉంటుంది. కింగ్స్ క్రాస్ ఎదురుగా ఆర్గైల్ స్క్వేర్, పాడింగ్టన్ దగ్గర ససెక్స్ గార్డెన్స్, విక్టోరియా వెనక బెల్‌గ్రేవ్ రోడ్డు, బ్లూమ్స్‌బరీలో గవర్ స్ట్రీట్, పడమటగా అర్ల్స్ కోర్ట్. వీటిలో ఏ వీధికి వెళ్లినా వరసగా పది బోర్డులు కనిపిస్తాయి. పెద్ద రైల్వే స్టేషన్ల చుట్టూనే పుట్టుకొచ్చాయంటే అర్థం చేసుకోవచ్చు. మన సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట లాడ్జీలు వెలసినట్టే.

ఆ ఇళ్లలో చాలావాటికి నూట యాభై, రెండు వందల ఏళ్ల వయసుంటుంది. ఒకదాని గోడకు ఒకటి ఆనించి కట్టిన సన్నటి ఇళ్లు, అడ్డంగా చోటు లేక నిలువుగా పెరిగాయి. అడుగున సగం భూమిలోకి దిగిన అంతస్తులో వంటిల్లు, మధ్యలో యజమానుల గదులు, చిట్టచివర పనివాళ్లు పడుకునే గదులు. పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకవుతాయి, కప్పు కిందికి దిగుతుంది. అప్పట్లో పనివాళ్లు పడుకున్న గదులే ఇవాళ మనకు చవగ్గా దొరికే గదులు. బుకింగ్ సైటులో ఒకే ఇంట్లో ఒకే రకం గదికి రెండు ధరలు కనిపిస్తే రహస్యం చాలాసార్లు అదే. వీటిలో చాలా ఇళ్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటాయి కాబట్టి, యజమానికి డబ్బున్నా అనుకున్నప్పుడల్లా గోడ పగలగొట్టి లిఫ్టు పెట్టుకోవడానికి వీల్లేదు.

అందుకే గది వెతికేటప్పుడు ముందు మోకాళ్లను అడగండి, జేబును తర్వాత అడగొచ్చు. అరవై దాటిన అమ్మానాన్నలను తీసుకెళ్తున్నా, చంటిపిల్ల బండి ఉన్నా, లిఫ్టు లేని ఇంట్లో రెండో అంతస్తు పైన గది ఎంత చవకైనా తీసుకోకండి. అలాగే 'లోయర్ గ్రౌండ్' అన్న మాట చూసి మురిసిపోకండి. మెట్లు తక్కువే గానీ అది సగం భూగర్భం. కిటికీ తెరిస్తే కనిపించేది ఆకాశం కాదు, పేవ్‌మెంటు మీద నడిచేవాళ్ల బూట్లు. ఒకరిద్దరికి అది వినోదంగా ఉంటుందేమో గానీ తేమ వాసన పడనివాళ్లకు నాలుగు రాత్రులు కష్టమే.

మంచం కొలత కూడా చూసుకోవాలి. అక్కడ డబుల్ బెడ్ అంటే నాలుగున్నర అడుగుల వెడల్పు. 'స్మాల్ డబుల్' అని రాసి ఉంటే నాలుగడుగులే. ఇంట్లో ఆరడుగుల మంచానికి అలవాటుపడ్డ దంపతులు దాని మీద పడుకుంటే ఎవరో ఒకరు రాత్రంతా అంచు పట్టుకుని వేలాడాల్సిందే. 'ట్విన్' అడిగితే విడివిడిగా రెండు సింగిల్ మంచాలు వేస్తారు. మేం ఇప్పుడు సిగ్గుపడకుండా ట్విన్నే అడుగుతున్నాం.

ఇక చెయిన్ హోటళ్లు. ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్, ఐబిస్ లాంటివి ఊరంతా ఉన్నాయి. ఏ బ్రాంచికి వెళ్లినా దాదాపు అదే గది, అదే కర్టెన్, అదే సబ్బు. లిఫ్టు ఉంటుంది, రాత్రి ఎన్నింటికి దిగినా తలుపు తీసేవాళ్లుంటారు. ఊళ్లోకి మొదటిసారి వచ్చినవాళ్లకు ఆ భరోసా చిన్నదేం కాదు. బీ అండ్ బీల్లో కొన్నింటికి రాత్రి పది దాటాక రిసెప్షన్‌లో మనిషి ఉండడు. తలుపుకి కోడ్ నంబరు మెసేజ్ పెడతారు, వానలో పెట్టెలు పట్టుకుని ఫోన్ వెలుగులో ఆ నంబరు నొక్కుకోవాలి.

ధర దగ్గరే జనం పొరబడేది. చెయిన్ హోటల్ రేటు విమానం టికెట్ లాంటిది, రోజుకో రకంగా ఉంటుంది. మూడు నెలల ముందు కొంటే బీ అండ్ బీ కంటే చవగ్గా దొరకొచ్చు, వారం ముందు కొంటే రెట్టింపు కావచ్చు. పైగా అక్కడ టిఫిను వేరే. ఒక లెక్క వేద్దాం. బీ అండ్ బీ గది రాత్రికి 100 పౌండ్లు, టిఫిను కలిపి. చెయిన్ గది 90 పౌండ్లు, టిఫిను మనిషికి 13 పౌండ్లు అనుకుందాం. ఇద్దరికి నాలుగు రోజులకు మొదటిది 400, రెండోది 360కి 104 కలిపి 464. పౌండుకు 120 రూపాయల చొప్పున చూస్తే తేడా ఏడున్నర వేల రూపాయల పైమాటే. అయితే మీరు పొద్దున పెద్దగా తినరు, సూపర్ మార్కెట్లో బ్రెడ్డు, అరటిపండ్లు, పెరుగు కొనుక్కుంటే చాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. పిల్లలుంటే ఇంకో సంగతి. ప్రీమియర్ ఇన్‌లో పెద్దవాళ్లు ఒకరు టిఫిను కొంటే పదహారేళ్లలోపు పిల్లలు ఇద్దరికి ఉచితం. ఇద్దరు పిల్లలతో వెళ్లే కుటుంబానికి బీ అండ్ బీలో రెండు గదులు తీసుకోవడం కంటే అక్కడ ఫ్యామిలీ రూమ్ లాభం. ఇందులో నాకేం సందేహం లేదు.

రేటు చూసేటప్పుడు దూరం కూడా కలపాలి. నడిబొడ్డుకి దూరంగా మూడో జోన్లో 70 పౌండ్లకు దొరికిందని సంబరపడితే, రోజూ ఇద్దరికీ ట్యూబ్ (భూగర్భ రైలు) ఛార్జీలు, పైగా రానూపోనూ గంటన్నర. నాలుగు రోజుల కోసం వెళ్లిన మనిషికి ఆ గంటన్నర ఖరీదైనదే. నడిబొడ్డున ఉంటే మధ్యాహ్నం గదికొచ్చి ఓ కునుకు తీసి మళ్లీ బయల్దేరొచ్చు. వయసైన వాళ్లకు ఈ సదుపాయం ముందు మిగతావన్నీ దిగదుడుపే.

ఇప్పుడు అసలు విషయం, ఆ టిఫిను. నేను బీ అండ్ బీ వైపు మొగ్గడానికి సగం కారణం అదే. ఫుల్ ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ అంటే గుడ్లు, బేకన్, సాసేజి, టమాటా సాసులో ఉడికిన బీన్స్, పుట్టగొడుగులు, వేయించిన టమాటా, టోస్టు, కేటిల్ నిండా టీ. బేకన్ పందిమాంసం, సాసేజీ ఎక్కువగా అదే. బ్లాక్ పుడ్డింగ్ అని నల్లటి బిళ్లలు పెడితే అది పంది రక్తంతో చేసింది. తెలియక తిని తర్వాత బాధపడే కంటే ముందే అడగడం మేలు. మా ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మొదటిరోజు టోస్టూ జామూ తిని లేచింది. రెండోరోజు ఇల్లు నడిపే పోర్చుగీసావిడ స్వయంగా వచ్చి "మీరేం తింటారో చెప్పండి" అంది. ఆ తర్వాత రోజూ వేరే పెనం మీద వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ విడిగా పళ్లెంలో వచ్చేవి. పెనం వేరుగా వాడమని అడగాలని మాకు తట్టనే లేదు, ఆవిడకే తట్టింది. చెయిన్ హోటల్లో కూడా ఇవన్నీ బఫేలో ఉంటాయి. కానీ ఒకే గరిటె బేకన్‌లోంచి బీన్స్‌లోకి ప్రయాణం చేస్తుంటే చూసి మా ఆవిడ పళ్లెం పక్కన పెట్టేసింది. మడి కాకపోయినా మనసొప్పని విషయాలుంటాయి.

ఒక హెచ్చరిక. ఈ మధ్య చాలా ఇళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి 'కాంటినెంటల్' టిఫినుకి మారిపోయాయి. అంటే సీరియల్, బ్రెడ్డు, పండ్ల రసం, చల్లటి పాలు. కొన్నిచోట్ల గదిలోనే ఓ సంచిలో పెట్టి ఇస్తారు. పేరు బీ అండ్ బీయే, కానీ దానికి పది పౌండ్లు ఎక్కువ ఇవ్వక్కర్లేదు. వేడి టిఫిను ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఎన్ని గంటల వరకు పెడతారో కూడా. ఎనిమిదిన్నరకే గిన్నెలు సర్దేసే ఇళ్లున్నాయి, మొదటి రెండు రోజులు మనకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది కాబట్టి అదో పెద్ద ఇబ్బంది కాదు లెండి.

రాత్రి భోజనం మాత్రం ఈ రెండింటిలోనూ బయటే. గదిలో వంట నిషేధం. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టెలో పెట్టుకుని వెళ్లేవాళ్లకు మనవి: పోపు వేసిన మరుక్షణం పొగ అలారం మోగితే ఇల్లంతా నిద్ర లేచి రోడ్డు మీదికి రావాలి, నైట్ డ్రెస్సులతో సహా. గదిలో కేటిల్ ఉంటుంది. వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, పోహా పొట్లాలు తీసుకెళ్లండి, రాత్రి పది గంటలకు అవే దిక్కు. ఊరగాయలు, పొడులు తీసుకెళ్లొచ్చు. మాంసం, పాల పదార్థాలు మాత్రం మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదు. నెయ్యి సీసా కూడా అందులోకే వస్తుంది. శాకాహారులకు యూస్టన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్ ఉంది, దశాబ్దాలుగా భారతీయ శాకాహార హోటళ్లకు పేరున్న వీధి. కింగ్స్ క్రాస్ దగ్గర దిగితే పావుగంట, ఇరవై నిమిషాల నడక. ఇడ్లీ దోసెల కోసం తూర్పున ఈస్ట్ హామ్‌కి పోయేవాళ్లూ ఉన్నారు, ట్యూబ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ నేరుగా తీసుకెళ్తుంది.

వంట లేకుండా బతకలేం అనేవాళ్లకు ఫ్లాటే దారి. నలుగురుండి, వారం రోజులుంటే ఫ్లాట్‌ని మించింది లేదు. వంటిల్లు, వాషింగ్ మెషీన్, తలుపు వేసుకుంటే మన ఇల్లు. ఇద్దరు నాలుగు రాత్రులకైతే నేను వద్దంటాను. క్లీనింగ్ ఛార్జీ ఒక రాత్రికైనా పది రాత్రులకైనా ఒకటే కాబట్టి తక్కువ రోజులకు అది మీద పడుతుంది. పొద్దున దిగితే మధ్యాహ్నం మూడింటి దాకా పెట్టెలు పెట్టుకునే చోటుండదు. లండన్‌లో ఒక ఇంటిని మొత్తంగా ఇలా తక్కువ రోజుల అద్దెకు ఏడాదికి 90 రాత్రులకు మించి ఇవ్వాలంటే ప్రత్యేకంగా అనుమతి కావాలి. 2015 నుంచి ఉన్న నిబంధన. అందుకే సైటు బయట డబ్బు పంపమనే యజమాని కనిపిస్తే, ఎంత మంచి మాటలు చెప్పినా, ఎంత అందమైన ఫోటోలు పెట్టినా ముందుకు పోకండి. మేం దిగిన ఫ్లాట్ బాగానే ఉంది. కానీ మా ఆవిడ అన్న మాట మరిచిపోలేను: "విజయవాడలో చేసే పనే ఇక్కడికొచ్చి చేస్తున్నా. నాకు సెలవెక్కడ?"

హాస్టళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఒంటరిగా వెళ్లే పాతికేళ్ల కుర్రాళ్లకు చవక, స్నేహాలు కలుస్తాయి. గదికి ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటే ఒకరి గురక అందరి సొత్తు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఇంపీరియల్ కాలేజీ, ఎల్ఎస్ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) లాంటి విద్యాసంస్థలు ఖాళీగా ఉన్న విద్యార్థుల గదులను బయటివాళ్లకు అద్దెకిస్తాయి. శుభ్రంగా, మంచి చోట్ల ఉంటాయి. సింగిల్ రూములే ఎక్కువ, దంపతులకు అంత అనువు కాదు.

మనవాళ్లు చాలామందికి తెలియని ఇంకో చోటు ఇండియన్ వైఎంసీఏ. 1920లో భారతీయ విద్యార్థుల కోసం మొదలైన సంస్థ. ఇప్పుడున్న భవనం ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లో 1953 నుంచి ఉంది. విద్యార్థులే కాదు, ప్రయాణికులూ దిగొచ్చు. క్యాంటీన్‌లో మన భోజనం దొరుకుతుంది, వారెన్ స్ట్రీట్ ట్యూబ్ స్టేషన్ దగ్గరే. ఆడంబరం ఏమీ ఉండదు, పాత గవర్నమెంటు గెస్ట్‌హౌస్ వాతావరణం. మొదటిసారి వెళ్తున్న పెద్దవాళ్లకు నేను ముందు ఈ పేరే చెబుతాను, గదులు త్వరగా నిండిపోతాయన్న మాటతో సహా.

లండన్‌కి పడమటి అంచున హౌన్స్లోలోనో, స్లౌలోనో చుట్టాలుంటే? వెళ్లండి, కానీ రెండు రాత్రులకు. అక్కడ మనవాళ్లవి చిన్న ఇళ్లు, ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు, మన కోసం సెలవు పెట్టాల్సి వస్తుంది. పైకి అనకపోయినా ఇబ్బందే. ఊరు చూడాలంటే రోజూ గంట ప్రయాణం.

బీ అండ్ బీ అని తేల్చుకున్నాక ఏ పేట? ఇంటర్నెట్‌లో అందరూ చూడాల్సిన ప్రదేశాలకు దగ్గరగా అంటారు. మనవాళ్లలో చాలామంది వెళ్లేది పిల్లల చదువు పని మీద కాబట్టి నేను వేరే సూత్రం చెబుతాను: మీ పిల్లల ఊరికి రైలు ఏ స్టేషన్ నుంచి పోతుందో ఆ స్టేషన్ పక్కన దిగండి. లెస్టర్, నాటింగ్‌హామ్, షెఫీల్డ్ అయితే సెయింట్ పాంక్రాస్. లీడ్స్, న్యూకాజిల్ అయితే పక్కనే ఉన్న కింగ్స్ క్రాస్. ఈ రెండింటికీ ఆర్గైల్ స్క్వేర్ గదులు సరిపోతాయి, కోవెంట్రీ, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ రైళ్లు బయల్దేరే యూస్టన్ కూడా అక్కడి నుంచి నడక దూరమే. రీడింగ్, బ్రిస్టల్, కార్డిఫ్ అయితే పాడింగ్టన్. బ్రైటన్ అయితే విక్టోరియా. పెట్టెలతో ఊరు అడ్డంగా దాటే బాధ తప్పుతుంది. మేం మొదటిసారి చేసిన తప్పు అదే. మావాడిది లెస్టర్, మేం దిగింది పాడింగ్టన్‌లో.

హీత్రో ఎయిర్‌పోర్టు నుంచి కింగ్స్ క్రాస్‌కి ట్యూబ్‌లో పికడిల్లీ లైన్ నేరుగా వస్తుంది, గంట పడుతుంది, అన్నింటికంటే చవక. పాడింగ్టన్‌కి 2022 మే నుంచి ఎలిజబెత్ లైన్ ఉంది, అరగంట ప్రయాణం, ఛార్జీ పికడిల్లీకి రెట్టింపు పైనే. హీత్రో ఎక్స్‌ప్రెస్ పదిహేను నిమిషాల్లో దింపుతుంది, జేబుకి మరీ పెద్ద చిల్లు. పెట్టెలున్నప్పుడు స్టేషన్‌లో లిఫ్టులుండటం ముఖ్యం. కింగ్స్ క్రాస్‌లోనూ, పాడింగ్టన్ ఎలిజబెత్ లైన్‌లోనూ ఉన్నాయి.

కాలం సంగతీ చూసుకోండి. ఈ పాత ఇళ్లలో ఏసీ ఉండదు. లండన్‌కి ఏసీ ఎందుకని నవ్వేవాళ్లకు 2022 జులై 19 గుర్తుచేస్తాను, ఆ రోజు హీత్రోలో ఎండ 40 డిగ్రీలు దాటింది. జులైలో పై అంతస్తు గదికి పోతే టేబుల్ ఫ్యాన్ అడిగి తీసుకోండి. చలికాలంలో అదే గది బాగుంటుంది. వేడి అంతా పైకే వస్తుంది.

బాత్‌రూమ్ గురించి సూటిగా చెబుతాను. 'షేర్డ్' అంటే వరండాలో ఉన్నదాన్ని ఇద్దరు ముగ్గురు వాడుకోవాలి, రాత్రికి పాతిక, ముప్ఫై పౌండ్లు తగ్గొచ్చు. రాత్రి రెండుసార్లు లేచే వయసువాళ్లు ఆ ఆదాకి ఆశపడకండి, గదిలోనే బాత్‌రూమ్ ఉండే 'ఎన్‌సూట్' తీసుకోండి. అయినా అది అల్మారాలో ఇరికించిన షవరే. కొన్నిచోట్ల షవర్‌కి కరెంటు కావాలంటే గోడ మీద స్విచ్ ఉండదు, కప్పు నుంచి వేలాడే తాడు లాగాలి. మావాడు చెప్పేదాకా నేను చన్నీళ్లతోనే స్నానం చేశాను. ఏ హోటల్లోనూ మగ్గు ఉండదు, ఇంటి నుంచే ఒకటి తీసుకెళ్లండి. మన ప్లగ్గులు అక్కడి మూడు పలకల సాకెట్లలో పట్టవు, ఎడాప్టర్ కూడా తీసుకెళ్లండి.

వీసా రాకముందు డబ్బు తిరిగి రాని గది ఎవరు అమ్మినా కొనకండి. ఉచితంగా రద్దు చేసుకునే రకమే తీసుకుని, వీసా చేతికొచ్చాక చవకది దొరికితే మార్చుకోండి. చెయిన్ హోటళ్లలో ఈ రెండు రకాలకూ ధరల్లో మంచి తేడా ఉంటుంది. బీ అండ్ బీల్లో చాలావరకు అడిగితే చాలు. బుకింగ్ సైటులో చూసి, ఆ ఇంటికే నేరుగా మెయిల్ పెడితే కాస్త తగ్గించేవాళ్లూ ఉన్నారు.

ఆ మెయిల్లో నేను రాసేవి ఐదే ప్రశ్నలు. గది ఏ అంతస్తులో, వీధి నుంచి తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లు? లిఫ్టు ఉందా? మంచం ఎన్ని అడుగులు, లేదా ట్విన్ ఇవ్వగలరా? టిఫిను వేడిదా, శాకాహారం విడిగా వండుతారా? పొద్దున తొమ్మిదికి దిగితే పెట్టెలు పెట్టుకోనిస్తారా? మెట్ల లెక్క అడిగితే కొందరు 'కొద్దిగానే' అని రాస్తారు. అది జవాబు కాదు, అంకె చెప్పమని మళ్లీ అడగండి. పోయినసారి ఓ యజమాని "ఆరు మెట్లు వీధి నుంచి, పదకొండు లోపల, గట్టి రెయిలింగు ఉంది, పెట్టెలు మా అబ్బాయి మోస్తాడు" అని రాశాడు. అప్పటికే మేం ఫ్లాట్‌కి డబ్బు కట్టేశాం. ఆ మెయిల్ మా ఆవిడ ఇంకా దాచి ఉంచింది.